డోజర్ ఎడమ చైనులో టక్కుమనే చప్పుడు, ఎక్కడి నుంచో దొరకడం లేదు

ప్రశ్న, చీపురుపల్లి దగ్గర సైటు నుంచి:

అన్నలందరికీ నమస్కారం. మాకున్నది ఒక్కటే డోజరు, గ్రావెల్ గుట్ట చదును చేస్తున్నాం. వారం నుంచి ఎడమ చైను వైపు కిర్రుమని సాగి చివర్లో టక్కుమంటోంది. పొద్దున్న బండి తీసినప్పుడు ఏమీ ఉండదు, రెండు గంటలు తోసాక మొదలవుతుంది, రివర్సులో మరీ గట్టిగా. క్యాబిన్లో కూర్చుంటే వెనక స్ప్రాకెట్ (చైనుని తిప్పే పళ్ళ చక్రం) దగ్గర అనిపిస్తుంది, దిగి పక్కన నడిస్తే ముందు ఐడ్లర్ (చైను చుట్టి తిరిగే ముందు చక్రం) దగ్గర అనిపిస్తుంది. వచ్చి చూసిన మెకానిక్ ఫైనల్ డ్రైవ్ (స్ప్రాకెట్‌ని తిప్పే గేర్ల పెట్టె) బేరింగు పోయింది, విప్పాల్సిందే అన్నాడు. విప్పితే బండి ఎన్నాళ్ళు పడుకుంటుందో తెలీదు, వానలు దిగేలోపు పని అప్పగించాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. విప్పకుండా తేల్చుకునే దారి ఉంటే చెప్పండి.

టెక్కలి గ్రానైట్ క్వారీ నుంచి:

ముందు షూ బోల్టులు, అంటే చైను ప్లేట్లని పట్టి ఉంచేవి, చూడు తమ్ముడూ. ఒక్కో ప్లేటుకి నాలుగు ఉంటాయి, సుత్తితో తట్టుకుంటూ పో, బిగువుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది బొద్దుగా పలుకుతుంది. బోల్టు చుట్టూ తుప్పురంగు పొడి కనిపించినా అనుమానించాలి. మా క్వారీలో ఇలాంటి చప్పుడు సగంసార్లు బోల్టులతోనే తేలిపోయింది.

ప్రశ్న అడిగిన తమ్ముడు:

అన్నీ తట్టి చూశాను అన్నా, ఒక్కటీ వదులు లేదు.

గరివిడి మాంగనీస్ గనుల్లో డోజర్లు నడిపిన పెద్దాయన:

బాబూ, ఫైనల్ డ్రైవ్ జోలికి ఇప్పుడే పోవద్దు. చప్పుడు ఎక్కడ వినిపిస్తోందని వెతికితే దొరకదు, ఇనుము మోతని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకుపోతుంది. ఎంతసేపటికి ఒకసారి వస్తోందో లెక్కపెట్టు. సుద్దముక్కతో ఎడమ చైను మీద ఒక ప్లేటుకి, స్ప్రాకెట్ మీద ఒక పన్నుకి గుర్తు పెట్టు. గట్టి నేల మీద తిన్నగా, ఫస్ట్ గేర్లో నెమ్మదిగా నడపమను. నువ్వు పక్కన దూరంగా నడువు, బండికి ముందూ వెనకా ఉండకు. ప్లేటు గుర్తు ఒకే చోటికి వచ్చిన ప్రతిసారీ టక్కుమంటే తప్పు చైనులో ఉంది. పన్ను గుర్తుతో వస్తే స్ప్రాకెట్‌లో. చైను మీద బండి బరువు మోసే కింది చక్రం, బాటమ్ రోలరయితే మీటరు కదిలేలోపే మళ్ళీ మళ్ళీ వస్తుంది.

ఫైనల్ డ్రైవ్ అనుమానం తీరాలంటే డ్రెయిన్ ప్లగ్ తీసి ఆయిల్ పట్టి చూడు, బేరింగు నలిగితే మెరిసే ఇనుప రేకులు కనిపిస్తాయి. ఆ పని చల్లగా ఉన్నప్పుడు చెయ్యి.

ప్రశ్న అడిగిన తమ్ముడు:

ఆయిల్ శుభ్రంగా ఉంది బాబాయ్, రేకుల్లేవు. ఒక పక్క 39 ప్లేట్లు ఉన్నాయి, పిన్ను నుంచి పిన్నుకి టేపు పెడితే 20 సెంటీమీటర్ల పైచిలుకు, అంటే చైను ఒక చుట్టుకి దాదాపు 8 మీటర్లు. టక్కుమన్న చోటల్లా నేల మీద రాయి పెట్టుకుంటూ వచ్చాను, రాయికీ రాయికీ మధ్య అంతే దూరం. ఆ 8 మీటర్లలో పన్ను గుర్తు ఇంచుమించు మూడు చుట్లు తిరిగింది, చప్పుడు మాత్రం ఒక్కటే.

పెద్దాయన:

శభాష్. అయితే చైనులో ఒకే ఒక్క జాయింటు. లింకుల్ని కలిపే పిన్నుకీ, దాని చుట్టూ ఉండే గొట్టం బుష్షుకీ మధ్య నూనె ఉంటుంది, సీలు పోతే కారిపోయి ఎండిపోతుంది, పని చేసే కొద్దీ వేడెక్కి పట్టేస్తుంది. పొద్దున్న చప్పుడు లేకపోవడం కూడా దానికే సరిపోతోంది. రెండు గంటలు తోసాక బ్లేడు దించి, లాక్ వేసి, ఇంజిన్ ఆపేసి పిన్నుల కొసల మీద వేలితో నీటి చుక్కలు చిలకరించు. చేత్తో తాకకు, కాలుతుంది.

ప్రశ్న అడిగిన తమ్ముడు:

దొరికింది బాబాయ్! అన్ని పిన్నుల మీదా నీళ్ళు మెల్లగా ఆరాయి, ఒక్కదాని మీద చుయ్యిమని ఆవిరైపోయింది. దాని పక్క లింకు మీద నల్లటి నూనె మరక, మట్టి అంటుకుని అట్టకట్టి ఉంది. మళ్ళీ రివర్సులో నడిపించి చూస్తే ఆ లింకు ఐడ్లర్ మీంచి వచ్చాక తిన్నగా సాగడం లేదు, మోకాలు మడిచినట్టు నిలిచిపోయి, పైన చైనుని మోసే టాప్ రోలర్ మీదికి ఎక్కి దిగేటప్పుడు టక్కుమంటోంది. ఇన్నాళ్ళూ ఎదురుగానే ఉంది. పైన గ్రీజు రాస్తే కొన్నాళ్ళు లాగుతుందా?

పెద్దాయన:

రాయకు, లోపలికి పోదు, పైగా ఇసుక పట్టుకుని ఒరుసుకుపోతుంది. చప్పుడు తగ్గుతుందని చైను బిగించొద్దు, అది ఇంకా చేటు. తడి గ్రావెల్ స్ప్రాకెట్ పళ్ళ మధ్య గట్టిపడితే చైను దానంతటదే బిగుసుకుంటుంది, రోజూ సాయంత్రం గడ్డపారతో మట్టి పొడిచి తియ్యి. చైను వేలాడే కొలత మీ బండి మాన్యువల్ చూసి పెట్టుకో. వదులు చెయ్యాల్సి వస్తే, చైనుని బిగించి ఉంచే గ్రీజుని బయటికి వదిలే వాల్వుని కొంచెం కొంచెంగానే తిప్పు, ఒక చుట్టు దాటొద్దు, ముఖం దానికి ఎదురుగా పెట్టకు. లోపలి ఒత్తిడికి గ్రీజు చర్మంలోకి దూసుకుపోతుంది.

రివర్సు నెమ్మదిగా చేసుకుంటూ ఈ వారం లాగించు, బుష్షులకీ స్ప్రాకెట్‌కీ ఎక్కువ అరుగుదల రివర్సులోనే. తరవాత మాస్టర్ లింకు (చైను విప్పడానికి పెట్టిన లింకు) దగ్గర విప్పి చైను విశాఖ ఆటోనగర్ తీసుకెళ్ళు, ట్రాక్ ప్రెస్ (పిన్నులు నొక్కి తీసే, ఎక్కించే మిషను) ఉన్న షాపులో ఆ ఒక్క పిన్ను, బుష్షు, సీళ్ళు మార్పించు. మిగతా బుష్షుల అరుగుదల కూడా కొలవమను. ఒక పక్కే అరిగి ఉంటే అన్నీ కలిపి తిరగేయించుకోవచ్చు, అరగని పక్క స్ప్రాకెట్ వైపుకి వస్తుంది. విప్పే రోజు ఫొటో పెట్టు, నేనూ చూస్తాను.