ట్యాక్స్ బాకీ ఉన్నా క్రెడిట్ స్కోరు పడదంటున్నారు, మరి ఇల్లు కొనొచ్చా?

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి:

అందరికీ నమస్కారం. అమెరికా వచ్చి రెండేళ్లు దాటింది, హెచ్‌1బీ మీద ఉన్నాను. పోయిన ఏడాది కంపెనీ ఇచ్చిన షేర్లు వెస్ట్ అయ్యాయి, అంటే నా సొంతమయ్యాయి. ఏప్రిల్‌లో రిటర్న్ వేస్తే ఇంకా 14,200 డాలర్లు కట్టాలని తేలింది. రిటర్న్ అయితే టైముకే వేశాను, డబ్బే కట్టలేదు. అప్పుడే చెల్లి పెళ్లి కుదిరింది, చేతిలో ఉన్నదంతా ఊరికి పంపేశాను. మధ్యలో అపార్ట్‌మెంట్ కూడా మారాను. జూన్‌లో ఐఆర్ఎస్ (ఇక్కడి ట్యాక్స్ శాఖ) నుంచి ఒక ఉత్తరం చూశాను, ఆ తర్వాత ఏమీ రాలేదు. ఇప్పుడు నవంబర్.

మా రూమ్మేట్ ఏమంటాడంటే, ట్యాక్స్ లీన్ ఇప్పుడు క్రెడిట్ రిపోర్టులో రాదు, నిదానంగా కట్టుకోమని. చూస్తే నిజంగానే నా స్కోరు 782 ఉంది. వచ్చే ఏడాది సెలీనా వైపు ఇల్లు కొనాలని అనుకుంటున్నాను. అసలు లీన్ అంటే ఏమిటి? లోన్‌కి అడ్డం వస్తుందా?

ప్లేనో నుంచి:

తమ్ముడూ, మీ రూమ్మేట్ చెప్పిన మాట నిజమే. నిజం కాబట్టే నువ్వు ఇన్ని నెలలు హాయిగా కూర్చున్నావు.

నా సంగతి చెప్తా. నాకు లీన్ పడింది 2014లో. అప్పట్లో అది నేరుగా క్రెడిట్ రిపోర్టుకి ఎక్కేది. కారు లోన్‌కి వెళ్తే డీలర్ దగ్గర కుర్రాడు స్క్రీన్ వంక చూసి, నా వంక చూసి, "సార్, కో-సైనర్ ఎవరైనా ఉన్నారా" అన్నాడు. పక్కన మా ఆవిడ, వెనక మా మామగారు. ఆ రోజు ఇప్పటికీ మర్చిపోలేదు. బాకీ మొత్తం తీర్చేసినా ఆ మచ్చ ఏడేళ్లు రిపోర్టులో ఉండేది, తీర్చకపోతే ఇంకా ఎక్కువ.

తర్వాత రూల్ మారింది. కౌంటీ రికార్డుల్లో చాలావాటికి పూర్తి సోషల్ సెక్యూరిటీ నంబరు గానీ, పుట్టిన తేదీ గానీ ఉండవు. ఒకే పేరున్న వాళ్ల లీన్లు ఒకరివి ఒకరి నెత్తిన పడేవి. మన రెడ్డిలూ రావులూ ఎంతమంది ఉన్నారో తెలుసుగా! అందుకని క్రెడిట్ రిపోర్టులు తయారుచేసే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ మూడూ కలిసి 2017 జులైలో సుమారు సగం లీన్లు తీసేశాయి, 2018 ఏప్రిల్ నాటికి మిగతావి కూడా తీసేశాయి. కాబట్టి నీ 782 చూసి నేనేమీ ఆశ్చర్యపోవడం లేదు.

రిపోర్టులోంచి తీశారు గానీ లీన్‌ని ఎవరూ తీసేయలేదు. ఊళ్లో పొలం కొనేముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయిస్తాం కదా, తాకట్టు ఏమైనా ఉందేమోనని? ఇక్కడ టైటిల్ కంపెనీ చేసేది అదే పని. లీన్ కాగితం ఉండేది కౌంటీ క్లర్క్ దగ్గర. పేరు కొడితే ఎవరికైనా కనిపిస్తుంది. నాది ఇప్పటికీ ఉంది, పక్కనే రిలీజ్ కాగితం కూడా ఉంది. ఏ సంవత్సరం ట్యాక్సు, ఎంత బాకీ, సోషల్ చివరి నాలుగు అంకెలు, అన్నీ ఒక్క పేజీలో.

లీన్ అంటే జప్తు కాదు. జీతంలోంచో బ్యాంకులోంచో లాక్కుంటే అది లెవీ. లీన్ అంటే నీ ఆస్తి మీద ప్రభుత్వం వేసుకున్న హక్కు. ఇల్లు, కారు, షేర్లు, రేపు కొనబోయేవి కూడా దాని కిందికే వస్తాయి. ఐఆర్ఎస్ బాకీ లెక్క కట్టి, కట్టమని నోటీసు పంపాక పది రోజుల్లో కట్టకపోతే చట్ట ప్రకారం అది తనంతట తనే పుడుతుంది. నీకూ పుట్టే ఉంటుంది. దాన్ని కౌంటీలో ఫైల్ చేస్తేనే ఊరందరికీ తెలుస్తుంది. మామూలుగా బాకీ 10,000 డాలర్లు దాటితే ఫైల్ చేస్తారు. నీది దాటింది.

ఒకటి గుర్తుపెట్టుకో. లీన్ ఫైలయిన వారంలో మెయిల్ బాక్సు నిండా రంగురంగుల ఉత్తరాలు వస్తాయి, "మీ ట్యాక్స్ బాకీ పైసలకే తీర్చేస్తాం" అని. ఆ కంపెనీల వాళ్లు కౌంటీ రికార్డులు చూసే పంపుతారు. నాకు లీన్ పడిందన్న సంగతి ఐఆర్ఎస్ కంటే ముందు వాళ్లే చెప్పారు. వాళ్లకి మాత్రం డబ్బులివ్వకు.

ఫ్రిస్కో నుంచి:

నమస్తే అండి. నేను మార్ట్‌గేజ్ ప్రాసెసింగ్‌లో పనిచేస్తాను, లోన్ సంగతి నేను చెప్తాను. మీ కేసులో లీన్ ఇంకా ఫైల్ అవ్వకపోయినా దొరికిపోతారు. ఎలాగంటారా? లోన్‌కి రెండేళ్ల రిటర్నులు అడుగుతాం. రిటర్న్ ఫారం 1040లో 37వ లైన్ ఉంటుంది, "మీరు కట్టాల్సిన మొత్తం" అని. అక్కడ 14,200 కనిపించిన మరుక్షణం అండర్‌రైటర్ (లోన్ ఇవ్వాలా వద్దా తేల్చేవాడు) అడిగేది ఒక్కటే, కట్టినట్టు రుజువు ఏది? పైగా ఫారం 4506-సీ మీద మీ సంతకం తీసుకుని ఐఆర్ఎస్ నుంచే ట్రాన్‌స్క్రిప్ట్ తెప్పిస్తాం. ఇవి చాలవన్నట్టు అప్లికేషన్‌లోనే ఒక ప్రశ్న ఉంటుంది, ఫెడరల్ ప్రభుత్వానికి బాకీ పడి ఉన్నారా అని. అక్కడ "లేదు" అని టిక్ పెట్టి సంతకం చేయకండి. అది నేరం.

అలాగని ఇల్లు రాదని కాదు. ఫ్యానీ మే రూల్స్ ప్రకారం ఇచ్చే మామూలు ఇంటి లోన్ అయితే ఐఆర్ఎస్‌తో వాయిదాల ఒప్పందం ఉండాలి, క్లోజింగ్‌కి (ఇల్లు మీ పేరు మీదకి మారే రోజుకి) ముందు కనీసం ఒక వాయిదా కట్టి ఉండాలి, ఆ నెల వాయిదాని మీ అప్పుల లెక్కలో కలుపుతారు. కానీ ఇల్లు ఉన్న కౌంటీలో లీన్ ఫైలయి ఉంటే ఈ వెసులుబాటు లేదు, బాకీ తీర్చి రమ్మంటారు. ప్రభుత్వం బీమా ఇచ్చే ఎఫ్‌హెచ్ఏ లోన్ 2025 మే నుంచి హెచ్‌1బీ వాళ్లకి లేదు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకైతే మూడు నెలల వాయిదాలు టైముకి కట్టి ఉండాలి. మూడు నెలలవీ ఒకేసారి కట్టేసి "అయిపోయిందిగా" అంటే కుదరదు. పోయిన సంవత్సరం ఒకాయన సరిగ్గా అలాగే చేసి వచ్చారు, క్లోజింగ్ రెండు నెలలు వెనక్కి పోయింది, ముందే ఖాయం చేసుకున్న వడ్డీ రేటు కూడా పోయింది.

ఇర్వింగ్ డాలస్ కౌంటీ, సెలీనా ఎక్కువ భాగం కాలిన్ కౌంటీ, కాబట్టి తప్పించుకోవచ్చు అనే తెలివి ఎవరైనా చెప్తే వినకండి. ఫెడరల్ లీన్ కనిపిస్తే ఏ కౌంటీదైనా సరే మా అండర్‌రైటర్ పెన్ను కింద పెట్టేస్తాడు.

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి:

అక్కా, అన్నా, చాలా థాంక్స్. చదువుతుంటేనే టెన్షన్ వచ్చేసింది. ఒక్క డౌట్. అపార్ట్‌మెంట్ మారినప్పుడు ఏఆర్-11 వేశాను, హెచ్‌ఆర్‌కి కూడా చెప్పాను. మరి ఐఆర్ఎస్ ఉత్తరాలు కొత్త అడ్రసుకి రావాలి కదా?

ప్లేనో నుంచి:

అక్కడే మనవాళ్లందరూ బోల్తా పడేది. ఏఆర్-11 ఇమిగ్రేషన్ వాళ్లకి. వాళ్లకీ ఐఆర్ఎస్‌కీ ఈ విషయంలో సంబంధం లేదు. వీసా పోతుందన్న భయంతో పది రోజుల్లోపు ఏఆర్-11 వేస్తాం, ఐఆర్ఎస్‌కి వేయాల్సిన ఫారం 8822 పేరు కూడా వినం. నోటీసు నీకు అందిందా లేదా అని వాళ్లు చూడరు. తమ రికార్డులో ఉన్న చివరి అడ్రసుకి పంపితే చాలు, చట్టం దృష్టిలో నీకు చెప్పినట్టే.

ఇవాళే ఐఆర్ఎస్ సైటులో అకౌంట్ తెరువు. బాకీ ఎంతో, ఏయే నోటీసులు పంపారో అందులోనే ఉంటాయి. సీపీ14 మొదటిది, అది నువ్వు చూసే ఉంటావు. తర్వాత సీపీ501, సీపీ503, ఆ తర్వాత సీపీ504. చివరిదాకా రానివ్వకు. బాకీకి నెలకు అర శాతం పెనాల్టీ పడుతోంది, నీకైతే సుమారు 71 డాలర్లు. జప్తు చేస్తామన్న నోటీసు వచ్చి పది రోజులు దాటితే అది ఒక శాతం అవుతుంది. వాయిదాల ఒప్పందం చేసుకుంటే, రిటర్న్ టైముకే వేశావు కాబట్టి పావు శాతానికి దిగుతుంది. వడ్డీ వేరే, 2025లో ఏడాదికి 7 శాతం.

నేనైతే ఇలా చేస్తా. ముందు ఎక్కడో అక్కడ సర్ది, ఆ షేర్లు కొన్ని అమ్మి అయినా సరే, బాకీని 10,000 కిందికి దించుతా. మిగతాదానికి ఆన్‌లైన్‌లోనే వాయిదాలు పెడతా. మొత్తం బాకీ 50,000 లోపుంటే ఫోన్ కూడా చేయక్కర్లేదు, సైటులోనే అయిపోతుంది. బ్యాంకు నుంచి నేరుగా కట్ అయ్యేలా పెట్టు. రేపెప్పుడైనా లీన్ ఫైలయినా, బాకీ 25,000 లోపుండి, అలా నేరుగా కట్ అయ్యే వాయిదాలు వరసగా మూడు పోతే, ఫారం 12277 వేసి లీన్‌ని వెనక్కి తీసుకోమని అడగొచ్చు. రిలీజ్ వేరు, వెనక్కి తీసుకోవడం వేరు. మొత్తం కట్టేస్తే 30 రోజుల్లో రిలీజ్ ఇస్తారు, కానీ పాత కాగితం రికార్డులో అలాగే ఉంటుంది. వెనక్కి తీసుకుంటే అసలు ఫైల్ చేయనట్టే లెక్క.

వచ్చే ఏప్రిల్‌లో మళ్లీ బాకీ పడ్డావో, ఒప్పందం రద్దు కావచ్చు. ఏదైనా రిఫండ్ వస్తే దాన్ని కూడా వాళ్లే పట్టుకుంటారు, ఆశ పెట్టుకోకు.

ఫ్రీమాంట్ నుంచి:

ఆ షేర్ల గొడవే మూలం. వెస్ట్ అయినప్పుడు కంపెనీ 22 శాతం కోస్తుంది, మనమేమో ట్యాక్స్ అయిపోయిందనుకుంటాం. జీతంతో కలిపి 32 శాతం శ్లాబులో పడితే 40,000 డాలర్ల షేర్లకి 12,800 కట్టాలి, కోసింది 8,800. తేడా 4,000 మన నెత్తినే. కంపెనీ ఎక్కువ కోయడానికి ఒప్పుకుంటే సరే, లేకపోతే ట్యాక్స్ ఎంత కోయాలో కంపెనీకి చెప్పే ఫారం డబ్ల్యూ-4లో ప్రతి పే చెక్కుకి అదనంగా ఇంత కోయమని రాయండి. పెళ్లయి ఇద్దరూ ఉద్యోగం చేస్తే అదే ఫారంలో రెండో స్టెప్ వదిలేయకండి, వదిలేస్తే ఇదే కథ. ఇండియాలో ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్ వడ్డీకి అక్కడ ట్యాక్స్ లేదు గానీ ఇక్కడ ఉంది, అదీ చాలామంది మర్చిపోతారు.

క్రెడిట్ కార్డు మీద ఐఆర్ఎస్‌కి కట్టేద్దామనే ఆలోచన ఉంటే ఒకసారి ఆగండి. ట్యాక్స్ బాకీ స్కోరుకి కనపడదు, కార్డు బాకీ కనపడుతుంది. లిమిట్‌లో సగం వాడేసిన కార్డుతో ఇంటి లోన్‌కి వెళ్తే ఉన్న 782 కూడా ఉండదు. పైగా కార్డు వడ్డీ ముందు ఐఆర్ఎస్ వడ్డీ ఏపాటి?

ఎడిసన్ నుంచి:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. సొంత కన్సల్టెన్సీ పెట్టుకున్నవాళ్లకి లీన్ ఇంకా ఘోరం. ఉద్యోగుల జీతాల్లోంచి కోసిన ట్యాక్సు కట్టకుండా రొటేషన్‌లో వాడుకున్నాను, తప్పు నాదే. లీన్ ఫైలయింది. క్లయింట్ల నుంచి రావాల్సిన బిల్లుల మీద కూడా అది పడుతుంది. లైన్ ఆఫ్ క్రెడిట్ రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకు లీన్ సెర్చ్ తీసి ఇవ్వనంది. నా పర్సనల్ స్కోరు అప్పుడు 800 పైన. ఎవరూ అడగలేదు దాన్ని.

ఇంకోటి, ఉన్న ఇల్లు రీఫైనాన్స్ చేసుకోవాలన్నా లీన్ ముందు నిలబడుతుంది. కొత్త బ్యాంకుని తన ముందు నిలబెట్టడానికి ఐఆర్ఎస్ ఒప్పుకోవాలి, దానికి ఫారం 14134. క్లోజింగ్‌కి కనీసం 45 రోజుల ముందు వేయమంటారు.

ప్లేనో నుంచి:

ఎడిసన్ అన్న చెప్పింది చూశావుగా. రేపు సిటిజెన్‌షిప్‌కి వెళ్లినా ఎన్-400లో ట్యాక్స్ బాకీ ఉందా అని అడుగుతారు. వాయిదాలు కడుతుంటే ఆ కాగితాలు చూపించొచ్చు, నీకు అది ఇంకా దూరం అనుకో. ఫోన్ చేసి గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు చెప్పమనేవాళ్లు ఐఆర్ఎస్ కాదు. ఇది చెప్పాల్సిన పనిలేదు గానీ, మన గ్రూపులోనే ఇద్దరు మోసపోయారు.

ఇర్వింగ్, టెక్సాస్ నుంచి:

అన్నా, అప్‌డేట్. అకౌంట్ తెరిచాను. 15,290 చూపిస్తోంది. లీన్ ఇంకా ఫైల్ చేయలేదు, కౌంటీ సైటులో పేరు కొట్టి చూశాను, లేదు. షేర్లు అమ్మి 6,000 కట్టేశాను. మిగిలినదానికి నెలకు 415 చొప్పున బ్యాంకు నుంచి కట్ అయ్యేలా పెట్టాను. 8822 పోస్ట్ చేశాను. డబ్ల్యూ-4 కూడా మార్చాను, జీతం చూస్తే ఏడుపొస్తోంది.

నిన్న సాయంత్రం పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లాను. ఇప్పుడు అందులో ఉన్నది గుంటూరు వాళ్లే. ఆంటీ లోపలికి రమ్మని టీ ఇచ్చి, టీవీ పక్క నుంచి రెండు కవర్లు తీసి చేతిలో పెట్టింది. "ఎవరో వచ్చి తీసుకుంటారులే అని దాచాం బాబూ, గవర్నమెంట్ కవరు కదా, పారేస్తే తప్పేమోనని." ఒకటి ఆగస్టుది, ఒకటి అక్టోబర్‌ది.