కీక్లోక్ లాగిన్ పేజీకి సొంత థీమ్ రాయించాలా, వచ్చినట్టే వదిలేయాలా?

తిరుచానూరు తమ్ముడు
మా కాలేజీలో (తిరుపతి - చిత్తూరు రోడ్డు మీద ఉంది, పేరు వద్దులెండి) హాస్టలు, లైబ్రరీ, ఫీజులు, మార్కులు అన్నిటికీ ఒకటే లాగిన్ పెట్టాం. వెనకాల లాగిన్లు చూసుకునే సాఫ్ట్‌వేర్ కీక్లోక్, వెర్షన్ 26. ఇప్పుడు మేనేజ్‌మెంటుకు కాలేజీ రంగులు, గోపురం ఫొటో, తెలుగు, అన్నీ కావాలంట. థీమ్ (పేజీ రూపం మార్చే ఫైళ్లు) రాయించాలా, లోగో మార్చి ఊరుకోవాలా? చేసినవాళ్లు చెప్పండి.

గాంధీరోడ్ అడ్మిన్
లోగో మార్చు, ఊరుకో. లాగిన్ పేజీ ఏమన్నా పెళ్లిపత్రికా? ఇదివరకు నేను పనిచేసిన చోట ఒకాయన పేజీ నిర్మాణం ఉండే టెంప్లేట్ ఫైళ్లన్నీ కాపీ చేసుకుని, ఇష్టమొచ్చినట్టు తిరగరాసి, డబ్బులు తీసుకుని పోయాడు. ఆ తర్వాత వెర్షన్ మారిస్తే ఓటీపీ పేజీ ఎర్రర్ కొట్టింది. కాపీ చేసిన ఫైలు ఎక్కడిదక్కడే ఉండిపోతుంది, అసలు ఫైల్లో వచ్చే మార్పులు దానికి రావు. పైగా 26లో లాగిన్‌కు వీ2 అనే కొత్త థీమ్ డిఫాల్ట్ అయింది, లోపల ప్యాటర్న్‌ఫ్లై 5 అనే డిజైన్ లైబ్రరీ. పాత క్లాసు పేర్లు నమ్ముకుని సీఎస్ఎస్ (రంగులు, సైజులు చెప్పే కోడ్) రాసిపెట్టుకున్నవాళ్లు ఎంత తిప్పలు పడ్డారో కనుక్కో.

రేణిగుంట రియాక్ట్
ఎవడో చెత్తగా రాస్తే థీమ్‌లన్నీ చెత్తేనా అన్నా? రంగులకు, ఫొటోకు టెంప్లేట్ ముట్టుకునే పనే లేదు. సొంత ఫోల్డరు పెట్టి, థీమ్.ప్రాపర్టీస్ అనే సెట్టింగ్స్ ఫైల్లో పేరెంట్‌గా, అంటే మనది ఆధారపడే థీమ్‌గా, కీక్లోక్.వీ2 అని రాసి, మన సీఎస్ఎస్ ఒక్కటి కలిపితే చాలు. తిరుపతిలో ఉంటూ పేజీ ఎట్లున్నా పరవాలేదంటున్నారే! టీటీడీ పేరుతో దొంగ సైట్లు పుట్టుకొస్తూనే ఉంటాయి, టీటీడీ జాగ్రత్త అని చెప్తూనే ఉంటుంది. కాలేజీ పేరు కూడా సరిగ్గా కనిపించని ఇంగ్లీషు పేజీ పాస్‌వర్డ్ అడిగితే పిల్లలు ఏ ధైర్యంతో ఇస్తారు?

గాంధీరోడ్ అడ్మిన్
నా మాటే నువ్వు చెప్తున్నావు. దొంగ సైటువాడు కాపీ కొట్టేదే ఆ రంగుల్ని, ఆ ఫొటోని. గోపురం ఫొటో ఎవడైనా పెట్టుకుంటాడు, పిల్లలకు నేర్పించాల్సింది అడ్రస్ బార్ చూడమని. ఇంకోటి, సీఎస్ఎస్ ఒక్కటి కలిపితే చాలన్నావు. ఆ థీమ్.ప్రాపర్టీస్‌లోనే స్టైల్స్ అనే లైనులో నీ ఫైలు పేరొక్కటే రాస్తే పేరెంట్ స్టైల్ మొత్తం పోతుంది. ముందు పేరెంట్ ఫైలు పేరు, తర్వాత నీది రాయాలి. అది చెప్పకుండా చాలు అంటే ఎట్లా?

రేణిగుంట రియాక్ట్
ఒక్క లైను సంగతి పట్టుకుని థీమే వద్దంటారా! డాక్యుమెంటేషన్‌లో ఉంది అది.

గాంధీరోడ్ అడ్మిన్
ఉంది. చదివేవాడే లేడు. ఆ ఒక్క లైనే తెల్లవార్లూ కూర్చోబెడుతుంది.

జీవకోన
పసుపు రంగు మీద తెల్ల అక్షరాలు మాత్రం పెట్టొద్దు సామీ, ఎండలో ఫోన్లో ఏమీ కనబడదు.

కాణిపాకం కోడర్
థీమ్ మార్చినా పేజీ మారలేదని తర్వాత ఇక్కడికే వస్తారు. ముందే చెప్తున్నా, ప్రొడక్షన్‌లో థీమ్‌లు క్యాష్ అవుతాయి, అంటే దాచుకున్న పాత కాపీనే కనిపిస్తుంది. స్టార్ట్-డెవ్ అనే డెవలప్‌మెంట్ మోడ్‌లో పెట్టి చూసుకోండి.

చిత్తూరు హెల్ప్‌డెస్క్
మీ ఇద్దరిలో ఎవరైనా ఒక్కరోజు కౌంటర్లో కూర్చున్నారా? మా కాలేజీలో థీమ్ రాయించారు, ఫొటో కూడా బ్రహ్మాండంగా ఉంది. అయినా పిల్లలు నా దగ్గరికే వస్తారు. గడి మీద యూజర్‌నేమ్ ఆర్ ఈమెయిల్ అని ఉంటుంది, మా దగ్గర యూజర్‌నేమ్ అంటే రోల్ నంబరు. వాళ్లేమో ఇంటిపేరుతో సహా పేరు కొడతారు. తెలుగు బటన్ గురించి అయితే అడగొద్దు. లాగిన్ అవ్వండి అని రాశారు, బటన్ ఎత్తు చాలక వ కింద వత్తు తెగిపోయి "అవండి" అని కనిపిస్తోంది. రాసినాయన ల్యాప్‌టాప్‌లో బాగానే ఉందంట.

రేణిగుంట రియాక్ట్
ఆ వత్తుకు లైన్-హైట్ పెంచి, బటన్ ఎత్తు ఫిక్స్ చేయకుండా వదిలితే సరిపోతుంది అక్కా. ఇంక తప్పు కొట్టినప్పుడు ఈ రోల్ నంబరు లేదు అని స్పష్టంగా చూపిస్తే ఎవరూ మీ దగ్గరికి రారు.

గాంధీరోడ్ అడ్మిన్
అదే కూడదు! నంబరు తప్పయినా పాస్‌వర్డ్ తప్పయినా ఒకే మెసేజ్ ఇచ్చేది కావాలనే. లేకపోతే వరసగా రోల్ నంబర్లు కొట్టుకుంటూ పోయి ఏ ఖాతాలు ఉన్నాయో ఎవడైనా తేల్చుకుంటాడు. అక్కా, మీ గడి సంగతికి అసలు థీమే అక్కర్లేదు. కీక్లోక్ అడ్మిన్ పేజీలో రియల్మ్ సెట్టింగ్స్‌లో లోకలైజేషన్, అందులో రియల్మ్ ఓవర్‌రైడ్స్‌లో యూజర్‌నేమ్ఆర్ఈమెయిల్ అనే కీకి రోల్ నంబరు అని ఇవ్వండి.

రేణిగుంట రియాక్ట్
ఇంగ్లీషుకు సరే. భాషల లిస్టులో తెలుగే లేకపోతే? థీమ్‌లో లొకేల్స్ (భాషల) లైనులో తెలుగు కోడ్ చేర్చి, తెలుగు మాటలతో మెసేజెస్ ఫైలు పెట్టాల్సిందే గదా. తెలుగు వద్దని సూటిగా చెప్పండి, సెక్యూరిటీ అడ్డం పెట్టుకోవద్దు.

గాంధీరోడ్ అడ్మిన్
తెలుగు వద్దని నేనెప్పుడన్నాను? ఫీజు కట్టే ఆఖరి రోజు రాత్రి పేజీ పడిపోతే ఫోన్ వచ్చేది నాకు. నువ్వు బిల్లు పెట్టి పోయుంటావు. నీ నంబరు ఎత్తవు.

రేణిగుంట రియాక్ట్
ఇప్పుడొచ్చారు అసలు విషయానికి. ఏటా మెయింటెనెన్స్ అంటే ఒకసారి చేసిన పనికి మళ్లీ డబ్బులేంది అనేది ఎవరు? ఒక కాలేజీకి థీమ్ చేశాను. వెర్షన్ మార్చేముందు టెస్ట్ సర్వర్‌లో చూస్తానంటే లేదన్నారు. వాళ్లే మార్చుకుని, చెడితే నా పేరు చెప్పారు. బిల్లులో సగం నాకింకా రాలేదు.

గాంధీరోడ్ అడ్మిన్
నీకు డబ్బివ్వనిది మేనేజ్‌మెంటు, నేను కాదు. టెస్ట్ సర్వర్ నేనడిగినా ఇవ్వలేదు.

తిరుచానూరు తమ్ముడు
మా వాళ్లు కూడా థీమ్ ఎంతవుతుందనే అడిగారు, వెర్షన్ మారితే ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు. గడి మీద పేరు ఇవాళే మార్చేస్తాను. థీమ్‌కు టెస్ట్ సర్వర్, అప్‌గ్రేడ్ చెకింగ్ కలిపి కొటేషన్ అడుగుతాను, ఒప్పుకోకపోతే లోగోతో సరి.

చిత్తూరు హెల్ప్‌డెస్క్
ఫోన్లో తెరిచి చూపించాలని కూడా రాయించు తమ్ముడూ.

గాంధీరోడ్ అడ్మిన్
ఓటీపీ పేజీతో సహా.

రేణిగుంట రియాక్ట్
ఓటీపీ పేజీకి రేటు వేరే.