మొదటిరాత్రి నొప్పి గురించి భయంగా ఉంది, పెళ్లైన అక్కలు చెప్పండి

గుంటూరు మిరప:
నాకు 26, బ్రాడీపేటలో ఉంటాం. వచ్చే నెల పెళ్లి, అబ్బాయిది విజయవాడ. కార్యానికి కూడా ముహూర్తం పెట్టించేశారు, అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. ఒక ఫ్రెండేమో నొప్పికి ఏడ్చానంది, ఇంకొకతి అసలేం తెలియలేదంది. పెద్దమ్మ అయితే రక్తం కనపడకపోతే అత్తగారు ఏమనుకుంటారో అని ఓ మాట వదిలి వెళ్లిపోయింది. అమ్మని అడగలేను.

బందరు రోడ్డు:
చెల్లీ, ముందు ఆ రక్తం గోల వదిలెయ్. కన్నెపొర అంటే మూసేసిన తలుపు కాదు, మూసే ఉంటే నెలనెలా పీరియడ్ ఎటునుంచి వస్తుంది? ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది, సాగుతుంది, చాలామందికి చుక్క కూడా రాదు. కన్యాత్వ పరీక్షకి శాస్త్రీయ ఆధారమే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లోనే చెప్పింది. ఇక నొప్పంటావా, నాకైతే భయానికే ఎక్కువైంది. భయపడితే అక్కడి కండరాలు బిగుసుకుపోతాయి, తడి రాదు, అప్పుడు తొందరపడితే నొప్పి కాక ఏమొస్తుంది. మాకు ముహూర్తం రోజు ఏమీ జరగలేదు, పెళ్లి అలసటకి పంతులుగారు చెప్పిన టైముకి ఇద్దరం గుర్రుపెట్టి నిద్రపోయాం. వారం పట్టింది. ఎవరూ వచ్చి అడగలేదు.

కొత్త మొగుడు:
మగవాడిని, చెప్పొచ్చో లేదో. మాకూ ఆ రోజు టెన్షనే, ఏం తెలియకపోయినా తెలిసినట్టు ఉండాలనుకుంటాం. భయంగా ఉందని ముందే ఫోన్లో చెప్పెయ్యండి. మా ఆవిడ అలా చెప్పాకే నాకూ ఊపిరాడింది. ఆపమంటే ఆపాలి, అలిగేవాడైతే ఆ తప్పు మీది కాదు.

నైట్ డ్యూటీ:
గైనిక్ వార్డులో నర్సుని. మెడికల్ షాపులో నీళ్లతో చేసిన లూబ్రికెంట్ జెల్ (తడి చాలనప్పుడు రాసుకునేది) దొరుకుతుంది, తీసి పెట్టుకో. కొబ్బరినూనె మాత్రం కండోమ్‌తో వాడొద్దు, రబ్బరు పాడై చిరిగిపోతుంది. అయ్యాక బాత్రూమ్‌కి వెళ్లిరా, నీళ్లు బాగా తాగు, కొత్త పెళ్లికూతుళ్లు మూత్రంలో మంటతో మా దగ్గరికి తెగ వస్తుంటారు. కొంచెం మంట, ఒకటి రెండు రోజులు కాస్త రక్తపు మరక మామూలే. రక్తం ఎక్కువగా పోతుంటే, ఆగకపోతే మాత్రం వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఎన్నిసార్లు ప్రయత్నించినా కండరాలు బిగుసుకుని అసలు వీలుకాకపోతే దాన్ని వెజైనిస్మస్ అంటారు, నయమవుతుంది. పళ్ల బిగువున ఓర్చుకోకుండా గైనకాలజిస్టుకి చూపించు. పిల్లలు ఇప్పుడే వద్దనుకుంటే ఏం వాడాలో కూడా పెళ్లికి ముందే డాక్టర్ని అడిగేసెయ్.

గుంటూరు మిరప:
థాంక్స్ అండీ అందరికీ. ఆయనకి మెసేజ్ పెట్టాను, "హమ్మయ్య, నాకూ భయమే" అన్నారు! పెద్దమ్మ మళ్లీ రక్తం మాట ఎత్తితే ఏమనాలి?

బందరు రోడ్డు:
"నీ కార్యం రోజు సంగతి చెప్పు పెద్దమ్మా" అని అడుగు, మళ్లీ ఎత్తదు.