సోలార్ లెక్కల్లో కరెంటు ధర ఏటా 6 శాతం పెరుగుతుందని వేసుకోవచ్చా?

ఎక్సెల్‌రాజా (ప్రశ్న):
రూఫ్‌టాప్ సోలార్ కొటేషన్లతో వచ్చే షీట్లలో "టారిఫ్ పెరుగుదల: ఏటా 6 శాతం" అని ఒక గడి ఉంటోంది. అందులో అంకె కాస్త మారిస్తే చాలు, లాభం సగమవుతోంది. సాధారణ ద్రవ్యోల్బణం 4 శాతం అనుకుంటే ఆ గడిలో ఎంత వేయాలి? డిస్కౌంట్ రేటు (రాబోయే ఏళ్ల ఆదాని నేటి విలువకి తగ్గించే రేటు) 8 శాతం అలాగే ఉంచాలా, అందులోంచి ద్రవ్యోల్బణం తీసేయాలా?

వడ్డీలెక్క:
ఏటా 6 శాతం అంటే 25 ఏళ్లకు 4.29 రెట్లు. 4 శాతం చొప్పున మిగతా ధరలు పెరిగేది 2.67 రెట్లే. అంటే మిగతా సరుకులకన్నా కరెంటు 61 శాతం ప్రియమవుతుందని ఆ షీటు నోరు విప్పకుండానే చెప్పేస్తోంది. ఇంధన ధరలు అలా ఒకే వాలులో ఎక్కవు. యూరో జోన్‌లో 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 10.6 శాతం, అందులో ఇంధనం పెరుగుదల 40 శాతం పైనే. ఏడాది తిరిగేసరికి ద్రవ్యోల్బణం 2.9కి దిగింది, ఇంధనం మైనస్‌లోకి పోయింది. ధర శిఖరం మీదున్న ఏడాది చూసి 25 ఏళ్లకు గీత గీసేస్తే ఎలా?

నేనైతే కరెంటూ మిగతా ధరలతో సమానంగానే పెరుగుతుందనుకుని, ద్రవ్యోల్బణం తీసేసి ఆ గడిలో సున్నా వేస్తాను, కానీ డిస్కౌంట్ రేటులోంచీ దాన్ని తీసేయాలి: 1.08ని 1.04తో భాగిస్తే 3.85 శాతం. ఏటా 1 చొప్పున 25 ఏళ్ల ఆదా నేటి విలువ ఈ రేటుకి 15.9. సున్నా పెరుగుదల వేసి 8 శాతమే ఉంచేస్తే 10.7, సోలార్‌కి అన్యాయం. 4 శాతం పెరుగుదల వేసి 3.85తో తగ్గిస్తే దాదాపు 25, అసలు డిస్కౌంటే చేయనట్టు.

మీటర్‌బాక్స్:
పై లెక్క సరే గానీ, దానికన్నా ముందు చూడాల్సింది పగటి వాడకం. డబ్బుల్లో కాకుండా యూనిట్లలో వేయండి, ద్రవ్యోల్బణం గొడవే ఉండదు. ఉదాహరణకి 1 కిలోవాట్‌కి ఏడాదికి 1,400 యూనిట్లు, ఖర్చు నేటి రేటున 7,000 యూనిట్ల విలువ అనుకోండి. అంతా మనమే వాడుకుంటే 5 ఏళ్లలో గిట్టుతుంది. 40 శాతమే వాడుకుని, గ్రిడ్‌కి పంపినదానికి మూడో వంతు రేటే వస్తే ఏడాదికి 840 యూనిట్ల విలువే. అప్పుడు 8 ఏళ్ల 4 నెలలు. మోటారు, గీజరు, వాషింగ్ మెషీన్ మధ్యాహ్నానికి మార్చి సొంత వాడకం 60కి తెస్తే 7 ఏళ్లలోపే.

ఇంకో పొరపాటు: మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి రేటు తీయడం. ఫిక్స్‌డ్ ఛార్జీ సోలార్ పెట్టినా తగ్గదు, దాన్ని తీసేయండి. శ్లాబులున్నచోట ముందు తగ్గేవి పై శ్లాబు యూనిట్లు కాబట్టి మొదట ఆ రేటు తీసుకోవాలి.

వడ్డీలెక్క:
@మీటర్‌బాక్స్ ఒప్పుకుంటా, అయితే రెండు కోతలు కలపండి. ప్యానెల్ ఏటా అర శాతం తగ్గుతుందనుకుంటే 25 ఏళ్ల ఉత్పత్తి 23.6 ఏళ్లదే. ఇన్వర్టర్ (ప్యానెల్ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే పెట్టె) 10–15 ఏళ్లకు మార్చాలి. దాన్ని ఎండ పడే గోడకి బిగిస్తే వేడికి లోపలి కెపాసిటర్లు ఇంకా ముందే పోతాయి.

అప్పు మీద పెడితే వడ్డీయే ప్రధానం. సోలార్ ఖర్చంతా మొదటి రోజే, ఇంధనం ఖర్చు లేదు. 25 ఏళ్ల వాయిదా 3 శాతానికి అసలులో 5.74 శాతం, 8 శాతానికి 9.37. అంటే యూనిట్ ఖర్చు 60 శాతం పైగా పెరిగినట్టే. ద్రవ్యోల్బణం పెరిగితే కేంద్ర బ్యాంకులు రేట్లు పెంచుతాయి కనుక ఫ్లోటింగ్ రేటు (మారుతుండే వడ్డీ) తీసుకున్నవాళ్లకి ఆ దెబ్బ నేరుగా తగులుతుంది. స్థిర వడ్డీ అయితే వాయిదా కదలదు, తప్పించుకున్న బిల్లు మాత్రం పెరుగుతూ పోతుంది.

ఎక్సెల్‌రాజా:
మరి టారిఫ్ 20 శాతం పెరిగితే ద్రవ్యోల్బణం కొలిచే ధరల సూచీ ఎంత కదులుతుంది?

సూచీపురుగు:
సూచీలో కరెంటు వెయిటు (ఇంటి ఖర్చులో దాని వాటా) 4 శాతమైతే నేరుగా 0.8 శాతం పాయింట్. కరెంటుతో నడిచే వస్తువుల ధరల్లోకి మెల్లగా దిగేది దీనికి అదనం. 12 నెలలు దాటాక ఆ 0.8 వార్షిక రేటులోంచి జారిపోతుంది, ధర మాత్రం పైనే కూర్చుంటుంది. పేపర్లో "ద్రవ్యోల్బణం తగ్గింది" అని చూసి షీటులో టారిఫ్ తగ్గించకండి.