అమ్మతో వసుధార జలపాతం దాకా నడవొచ్చా? బద్రీనాథ్ పోయి వచ్చినవాళ్లు చెప్పండి

హన్మకొండ అమ్మాయి:

అందరికీ నమస్తే. సెప్టెంబర్ చివర్లో అమ్మానాన్నలను తీసుకుని బద్రీనాథ్ పోదామనుకుంటున్నాం. గుడి దగ్గర నుంచి మాణా ఊరు దాటి పోతే వసుధార జలపాతం వస్తుందని విని, అమ్మ అది చూడకుండా తిరిగి రానని పట్టుబట్టింది. అమ్మకు 57 ఏళ్లు. బీపీ గోలీ రోజూ వేసుకుంటుంది గానీ నడకలో మాత్రం నాకంటే నయం, పొద్దున్నే భద్రకాళి చెరువు కట్ట మీద తిరగనిదే ఆమెకు తెల్లారదు. నాన్నకు మోకాళ్ల నొప్పులు, ఆయన గుడి దాకే.

మాకు తెలిసిన జలపాతాలంటే బొగత, కుంటాల, భీముని పాదం. బండి దిగి కొంత నడిచి, నీళ్లు చూసి, తెచ్చుకున్న పులిహోర తిని వచ్చేయడమే. ఇక్కడేమో మాణా నుంచి ఐదారు కిలోమీటర్లు ఎక్కాలంటున్నారు. "ఐదారు కిలోమీటర్లే కదా, అమ్మ రోజూ నడిచేదే" అని అన్నయ్య కొట్టిపారేస్తున్నాడు. నాకైతే టెన్షన్‌గా ఉంది.

ఇంకో సంగతి. పాపం చేసినవాళ్ల మీద వసుధార చుక్క పడదని ఎవరో అమ్మకు చెప్పారు. పైకి నవ్వుతుంది గానీ, పడకపోతే ఎట్లా అని ఇప్పటి నుంచే మనసులో పెట్టుకుంది. దీని గురించి కూడా తెలిసినవాళ్లు చెప్పండి.

కాజీపేట బాటసారి:

చెల్లె, ముందు మీ అన్నయ్యకు ఒక్క మాట చెప్పు. అక్కడ లెక్క కిలోమీటర్లది కాదు, ఎత్తుది. మన వరంగల్ సముద్ర మట్టానికి 300 మీటర్ల లోపే ఉంటుంది. బద్రీనాథ్ 3,100 మీటర్లు, మాణా దాదాపు 3,200, వసుధార 3,600 దాటుతుంది. అంత ఎత్తులో గాలి ఒత్తిడి తగ్గిపోయి, ఒక్కో శ్వాసకు కింద అందే ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులే అందుతుంది. బద్రీనాథ్‌లో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పప్పు పెడితే ఎంతసేపటికీ ఉడకదు. గాలి అంత పలచనన్నమాట. చెరువు కట్ట మీద గంట నడిచే మనిషి అక్కడ ఇరవై అడుగులు వేసి నిలబడితే అది చేతకానితనం కాదు, అందరికీ అంతే.

అసలు చిక్కు నడక మొదలవకముందే ఉంది. మనవాళ్లు చాలామంది కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీలో దిగుతారు, అక్కడి నుంచి హరిద్వార్, రిషికేశ్ చేరి, లీవులు లేవని ఒక్క రోజులోనే బండిలో బద్రీనాథ్ ఎక్కేస్తారు. రిషికేశ్ 400 మీటర్లు కూడా ఉండదు. అంటే పొద్దున కింద ఉన్న ఒళ్లు రాత్రికల్లా రెండున్నర కిలోమీటర్లకు పైగా పైకి పోయినట్టు. తెల్లారి లేచేసరికి తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, అన్నం సయించకపోవడం ఇందుకే. మీరు దారిలో పీపల్‌కోటిలోనో జోషీమఠ్‌లోనో (ఇది 1,900 మీటర్ల దగ్గర ఉంటుంది) ఒక రాత్రి ఆగండి. బద్రీనాథ్ చేరిన రోజు దర్శనం చేసుకుని పడుకోండి. మరుసటి రోజు మాణాలో వ్యాస గుహ, గణేశ గుహ, భీమ్ పుల్ తిరిగి వెనక్కి రండి. ఆ తెల్లారి వసుధార. ఈ ఒక్క రోజు ఎక్కువ పెట్టుకోవడమే మీరు అమ్మకు చేయగలిగిన పెద్ద సాయం.

భీమ్ పుల్ దగ్గర సరస్వతి నది రెండు బండల మధ్య నుంచి ఎంత జోరుగా దూకుతుందంటే పక్కన ఉన్న మనిషి మాట వినపడదు. నది మీద అడ్డంగా పడి ఉన్న పెద్ద బండను భీముడు ద్రౌపది కోసం వేశాడని చెబుతారు. అది దాటాక చాయ్ కొట్టు కూడా ఉండదు, నీళ్లు, తిండి మీతోనే ఉండాలి. అలకనంద లోయ పక్కనే దారి. కొంతదూరం రాళ్లు పరిచి ఉంటుంది, తర్వాత వదులు రాళ్లు, అక్కడక్కడా చిన్న వాగులు. చెట్టు నీడ అనేది లేదు. ఎండ చురుక్కుమంటుంది, మబ్బు పట్టిందంటే ఐదు నిమిషాల్లో వణుకు. పొద్దున ఆరు, ఆరున్నరకే మాణాలో బయలుదేరితే మెల్లగా పోయి మధ్యాహ్నానికల్లా దిగిరావచ్చు. మధ్యాహ్నం తర్వాత అక్కడ వాతావరణం మారిపోతుంటుంది.

వార్డులో అక్క:

నేను నర్సుగా పనిచేస్తాను. బీపీ ఉన్నంత మాత్రాన పోకూడదని లేదు, కంట్రోల్‌లో ఉందా లేదా అన్నదే ముఖ్యం. బయలుదేరే ముందు అమ్మను డాక్టర్‌కు చూపించి, ఎంత ఎత్తుకు పోతున్నారో మీటర్లతో సహా చెప్పండి. ఎత్తు పడనివాళ్లకు వేసే అసిటజోలమైడ్ గోలీ (డయామాక్స్ అంటారు) ఎవరో వేసుకున్నారని మీరు కొనుక్కుని వేసుకోవద్దు. అది మూత్రం ఎక్కువ పోయేలా చేస్తుంది. కొన్ని బీపీ గోలీలూ ఆ పనే చేస్తాయి, రెండూ కలిస్తే ఒళ్లు ఎండిపోతుంది. సల్ఫా మందులు పడనివాళ్లయితే ఆ విషయం ముందే డాక్టర్‌కు చెప్పాలి.

పైన ఉన్నప్పుడు అమ్మను "బాగున్నావా" అని అడగొద్దు. మన అమ్మలు ఎట్లున్నా బాగున్ననే అంటారు. మీరే చూడండి. మామూలు తలనొప్పి, అలసట అయితే అక్కడే ఆగాలి, తగ్గేదాకా ఇంకా పైకి పోకూడదు. కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గు మొదలైతే, నడకలో తూలితే, అడిగినదానికి పొంతన లేని జవాబు చెబితే ఇక ఆలోచించొద్దు, వెంటనే కిందికి దింపాలి. రాత్రయినా సరే. అది ఊపిరితిత్తుల్లోకో మెదడులోకో నీరు చేరుతున్నట్టు కావచ్చు, దానికి కిందికి దిగడమే మొదటి మందు. చిన్న ఆక్సిజన్ డబ్బాలు అమ్ముతుంటారు, అవి కొద్ది నిమిషాలకే సరిపోతాయి, వాటిని నమ్ముకుని పైకి పోవద్దు.

నర్సంపేట రోడ్:

ఇంత భయపెడితే పోవాలనుకున్నవాళ్లు కూడా ఆగిపోతారు. మా మేనత్త 60 దాటాక పోయి వచ్చింది, ఒక్క రోజులోనే బద్రీనాథ్ ఎక్కారు, తెల్లారి వసుధార చూశారు, ఏమీ కాలేదు. ఆ దేవుడి మీద భారం వేసి పోవడమే.

వార్డులో అక్క:

అన్నా, మీ మేనత్తకు ఏమీ కాలేదంటే నిజంగా సంతోషం. కానీ ఎత్తు ఎవరికి పడుతుందో ఎవరికి పడదో ముందు తెలియదు. ఉరికే పాతికేళ్ల పిల్లగాడు పడిపోతాడు, పక్కన పెద్దామె నిమ్మళంగా ఎక్కుతుంది. ఒకరికి ఏమీ కాలేదని ఇంకొకరికి చెప్పలేం. పోవద్దని నేను అనట్లేదు, ఒక రోజు ఆగి పొమ్మంటున్నాను.

మట్టెవాడ మాస్టారు:

అమ్మా, చుక్క సంగతి నేను చెబుతాను, ఎందుకంటే ఆ మాట విని ఎంతోమంది పెద్దవాళ్లు ఊరికే బాధపడతారు. అష్టవసువులు అక్కడ తపస్సు చేశారు కాబట్టి వసుధార అయిందని స్థల పురాణం. నీళ్లు 400 అడుగులకు పైనుంచి పడతాయి. ధార సన్నగా ఉంటుంది, అంత ఎత్తు నుంచి దిగేసరికి సగం దారిలోనే తుంపరలై గాలిలో కలిసిపోతుంది. లోయలో గాలి అటు తిప్పితే సరిగ్గా కింద నిలబడ్డవాళ్ల మీద కూడా పడదు. ఇటు తిప్పితే ఎక్కడో దూరంగా రాయి మీద కూర్చున్నవాళ్లు తడుస్తారు. నేను నిలబడినప్పుడు కాసేపు ఏమీ పడలేదు, గాలి మళ్లగానే కళ్లద్దాల నిండా చుక్కలు, తుడుచుకునేలోపే మళ్లీ ఆగిపోయింది. పక్కనే ఒక ముసలాయన, రాజస్థాన్ వాళ్లనుకుంటా, చేతులు చాపి అట్లాగే నిలబడ్డాడు, ఆయనకు పడేదాకా అందరం ఎదురుచూశాం. అమ్మకు చెప్పండి, అక్కడ చేయాల్సింది కాసేపు ఓపికగా నిలబడటమే. అంత దూరం నడిచి పోయిన మనిషిని పాపి అనడానికి ఎవరికీ నోరు రాకూడదు.

కానీ చుక్క కోసమని ధార మొదట్లోకి మాత్రం పోనీయకండి. పైనుంచి నీళ్లతో పాటు రాళ్లూ పడతాయి. మే, జూన్‌లో పోయేవాళ్లకైతే కింద మంచు గడ్డకట్టి ఉంటుంది, పైకి గట్టిగా కనిపించినా లోపల నీళ్లు పారి బోలుగా ఉంటుంది. దాని మీద కాలు పెట్టడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

హన్మకొండ అమ్మాయి:

అందరికీ మస్తు థ్యాంక్స్. మాస్టారూ, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను, రెండోసారి చదవమంది. టికెట్లు ఒక రోజు పెంచి చేస్తున్నాం. ఇంకా టైం ఉంది కదా, ప్రాక్టీస్‌కు ఇక్కడ ఎక్కడ ఎక్కితే మంచిది? వెంకటాపురం వైపు ముత్యాల ధార పోదామని అన్నయ్య అంటున్నాడు.

కాజీపేట బాటసారి:

వానాకాలంలో ముత్యాల ధార వద్దు చెల్లె. 2023 జులైలో అక్కడ వాగు పొంగి పదుల మంది అడవిలో చిక్కుకుపోతే రాత్రిపూట ఎన్‌డీఆర్‌ఎఫ్ వాళ్లు బయటికి తెచ్చారు. పైన ఎక్కడో వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు వచ్చేస్తుంది. ప్రాక్టీస్ కోసం అంత దూరం ఎందుకు, పద్మాక్షి గుట్టనో గోవిందరాజుల గుట్టనో చాలు. కట్ట మీద నడక సాఫు నేల మీది నడక, దానితో తొడలకు ఎక్కే దిగే అలవాటు రాదు. వారానికి కొన్ని రోజులు గుట్ట ఎక్కి, దిగి, కాసేపు కూర్చుని మళ్లీ ఎక్కమను. దిగేటప్పుడు మోకాళ్ల మీద బరువు పడుతుంది కాబట్టి చేతికర్ర ఇప్పుడే అలవాటు చేయి. దీంతో కాళ్లకు బలం వస్తుంది గానీ ఎత్తు అలవాటు కాదు, దాని కోసం జోషీమఠ్‌లో ఆగాల్సిందే.

బూట్లు ఇప్పుడే కొని వాటితోనే గుట్ట ఎక్కించు, కొత్తవి అక్కడ తొడిగితే బొబ్బలు. ఉన్ని టోపీ, రెయిన్‌కోట్, ఎండ అద్దాలు పెట్టుకోండి. బ్యాగ్‌లో పల్లి పట్టీలు, ఖర్జూరాలు పెట్టు. సకినాలు రూమ్‌లో తినండి, గుట్ట ఎక్కేటప్పుడు నోరు ఎండిపోయి గొంతు దిగవు. చార్‌ధామ్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి, ఉత్తరాఖండ్ ప్రభుత్వ సైట్‌లో ముందే చేయించు, ఆధార్ దగ్గర పెట్టుకోండి. ఇంకా ముందుకు, పైన ఉన్న సతోపంథ్ సరస్సు దాకా పోదామని మీ అన్నయ్య అంటే మాత్రం దానికి పర్మిట్, గైడ్, టెంట్లు కావాలి, అది అమ్మతో పోయే దారి కాదు.

నర్సంపేట రోడ్:

చెల్లె, నగదు కూడా పెట్టుకోండి. పైన సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచేయదు. నాన్న బద్రీనాథ్‌లో ఒక్కరే ఉంటారు కదా, మీరు ఎన్నింటికి తిరిగొస్తారో ఆయనకు కాగితం మీద రాసి ఇచ్చి పోండి.