సింగపూర్ షట్‌డౌన్‌కి మూడు నెలలు: సాయంత్రాలు ఏటి తినాలి, ఎక్కడ తిరగాలి?

సోంపేట ఫిట్టర్:
సింగపూర్ జురాంగ్ ఐలాండ్‌లో షట్‌డౌన్‌కి, అంటే రిఫైనరీ ఆపి చేసే మరమ్మతు పనికి, సోంపేట, కంచిలి నుంచి ఆరుగురం వెళ్తున్నాం. బస జురాంగ్ వైపు డార్మ్‌లో (పనివాళ్ళ హాస్టల్లో), క్యాటరింగ్ తిండి ఉంది. ఆదివారం సెలవు, మిగతా రోజులు రాత్రి 7 దాటాకే ఖాళీ. అంత దూరం వెళ్ళి మూడు నెలలూ క్యాటరింగ్ అన్నం, పప్పు తిని వచ్చేస్తే ఏటి లాభం? అక్కడి తిండి తినాలి, రాత్రిపూట ఊరు చూడాలి. పెద్దమాంసం ఎవరం తినం, పందిమాంసం ఇద్దరు తింటారు, ఒకతను శనివారం నీసు ముట్టడు. ముగ్గురు బీరు తాగుతారు. మనిషికి వారానికి 40 సింగపూర్ డాలర్లు పెట్టుకోగలం. ఏటడగాలి, ఎక్కడ దెబ్బ తింటాం, తెలిసిన అన్నలు చెప్పండి.

కవిటి రిగ్గర్:
తమ్ముడూ, హాకర్ సెంటర్లలో తింటే 40 డాలర్లు చాలు. రెస్టారెంట్ మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీసు, దాని మీద 9 శాతం జీఎస్టీ కలుస్తాయి. 20 డాలర్ల ప్లేటు 23.98 అవుతాది. హాకర్ కొట్టులో రాసిందే ధర, టిప్పు అక్కర్లేదు.

హాకర్ సెంటర్ అంటే ఒకే కప్పు కింద వరసగా కొట్లు, మధ్యలో అందరికీ బల్లలు. ముందు బల్ల చూసుకోండి. బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉందంటే అది మరొకరు ఆపుకున్న చోటు, ఎవరో మర్చిపోయారనుకుని తీసి కూర్చోవద్దు. మీరూ అలాగే ఒకటి పెట్టి వెళ్ళొచ్చు. తిన్నాక ట్రే మీరే తీసుకెళ్ళి స్టాండులో పెట్టాలి, 2021 సెప్టెంబరు నుంచి అది చట్టం. మొదటిసారి హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. హలాల్ ట్రేలకి స్టాండు వేరు, బోర్డు చూసి పెట్టండి.

మన నాలిక్కి మొదటి వారం సులువుగా పట్టేవి చెప్తాను. నాసి లెమాక్ అంటే కొబ్బరిపాలతో వండిన అన్నం, పక్కన సంబల్ కారం, గుడ్డు, వేరుశెనగలు, ఇకాన్ బిలిస్. ఆ ఇకాన్ బిలిస్ మన మెత్తళ్ళే, కరకరలాడేలా వేయించి పెడతారు. ఉద్దానం మనిషికి అది పరాయి తిండిలా ఉండదు. చికెన్ రైస్ 4, 5 డాలర్లు. కోడిని ఉడికించిన నీళ్ళలోనే అన్నం వండుతారు, చూడ్డానికి తెల్లగా చప్పగా ఉంటాది, రుచంతా ఆ అన్నంలోనూ అల్లం మిరప పచ్చడిలోనూ ఉంటాది. పచ్చడి ఇంకొంచెం అడిగి వేసుకోండి. నిప్పుల మీద కాల్చి సంబల్ పూసిన టేకు చేప తప్పకుండా తినండి, ముగ్గురికి ఒక ముక్క సరిపోతాది.

సీఫుడ్ బోర్డుల దగ్గర మాత్రం ఆగి చూడండి. పీత 9 డాలర్లు అని రాసుంటాది, పక్కన చిన్న అక్షరాల్లో 100 గ్రాములకి అనుంటాది. కిలో పీత 90 డాలర్లన్న మాట. తూకం వేయించి, మొత్తం ఎంతో చెప్పించుకున్నాకే వండమనండి. దారిలో మెనూ పట్టుకుని పిలిచేవాళ్ళ దగ్గరికి పోవద్దు.

ఆదివారం లిటిల్ ఇండియా వెళ్ళండి. బీరు షాపులో కొనుక్కుని రాత్రి పదిన్నర దాకా మైదానంలో కూర్చోవచ్చు.

ఇచ్ఛాపురం వెల్డర్:
మాంసం సంగతి వివరంగా చెప్తాను, ఎక్కువమంది దెబ్బతినేది అక్కడే.

మలై (మలేషియా భాష) మాటల్లో అయామ్ కోడి, కంబింగ్ మేక లేదా గొర్రె, ఇకాన్ చేప, ఉడాంగ్ రొయ్య, సోటాంగ్ స్క్విడ్, లెంబు ఆవు, బాబీ పంది. డగింగ్ అంటే మాంసం అని అర్థం గానీ కొట్లో ఆ మాట కనిపిస్తే దాదాపుగా పెద్దమాంసమే. రెండాంగ్ అనే కొబ్బరిపాల మాంసం కూర కూడా అడక్కుండా తీసుకోవద్దు, అయామ్ రెండాంగ్ అని కోడి పేరు పెట్టి అడగండి. చైనా కొట్లో ఉత్త మీట్ అంటే పందిమాంసం. చార్ క్వే టియావ్, హొక్కియెన్ మీ లాంటి నూడుల్స్‌లో ముక్కలు కనపడకపోయినా పంది కొవ్వు వేసుండొచ్చు. హలాల్ గుర్తున్న కొట్లో పంది ఉండదు, కానీ పెద్దమాంసం ఉంటాది. పంది లేదంటే పెద్దమాంసమూ ఉండదనుకుంటారు మనోళ్ళు.

పంది తినే ఇద్దరికీ బక్ కుట్ తే బాగుంటాది. పక్కటెముకల్ని వెల్లుల్లి, మిరియాలతో ఉడికించిన చారు.

సాటే అంటే పుల్లకి గుచ్చి కాల్చిన మాంసం ముక్కలు, దానికోసం లావ్ పా సాట్ అనే హాకర్ సెంటర్‌కి వెళ్ళండి. పక్కనున్న బూన్ టాట్ వీధిని మామూలు రోజుల్లో సాయంత్రం 7కి వాహనాలకి మూసేసి బల్లలు వేస్తారు, రోడ్డు మధ్యలోనే కూర్చుని తినొచ్చు. జురాంగ్ వైపున్న బూన్ లే స్టేషన్ నుంచి అక్కడికి దగ్గరైన రాఫెల్స్ ప్లేస్ స్టేషన్‌కి రైలు మారక్కర్లేదు. పుల్లలు పదికి తక్కువ ఇవ్వరు, పుల్ల డాలరుకి అటూ ఇటూ. కలిపి ఇచ్చే సెట్టులో పెద్దమాంసం ఉంటాది కాబట్టి కోడి, మటన్ మాత్రమే అని విడిగా చెప్పండి.

సోంపేట ఫిట్టర్:
శనివారం అతను ఏటి తింటాడు అన్నా? పరోటా కొట్లుంటాయంటారు కదా.

ఇచ్ఛాపురం వెల్డర్:
అక్కడ ప్రాటా అంటారు. ఉత్తది ఒకటిన్నర, రెండు డాలర్లు. అడక్కపోతే పక్కన చేపల పులుసు పోసి ఇచ్చేస్తారు. దాల్ కావాలని చెప్పినా సరిపోదు, కొన్నిచోట్ల పప్పులో మటన్ ఎముకలు వేస్తారు, దాన్ని డాల్చా అంటారు. ఎముక వేశారా అని అడిగి తీరాలి, లేదంటే పంచదారతో తినడమే. సంబల్ కాంగ్‌కాంగ్ అని తోటకూర వేపుడులా కనిపిస్తాది, అందులో బెలచాన్ అనే రొయ్యల ముద్ద ఉంటాది. వేళ్ళు చూపించి కొనుక్కునే అన్నం కొట్లలో బీన్స్, టోఫూలో పంది కీమా కలిసుండొచ్చు.

అతనికి నిశ్చింతగా ఉండేది వెజిటేరియన్ బీ హూన్ కొట్టు. సన్న సేమ్యా మీద మాంసంలా కనిపించే ముక్కలు వేస్తారు, అవి గోధుమ, సోయాతో చేసినవి, బెదిరిపోవద్దు. లేదా సెరంగూన్ రోడ్డులో మన శాకాహార హోటళ్ళున్నాయి, అక్కడ భోజనం చేయొచ్చు.

కాఫీ అడిగే పద్ధతి ఒకటి నేర్చుకోండి. ఉత్తినే కొపీ అంటే డబ్బాలో వచ్చే తియ్యటి చిక్కటి పాలు కలుపుతారు. కొపీ ఓ అంటే పాలు లేకుండా పంచదారతో. కొపీ ఓ కొసాంగ్ అంటే పంచదారా ఉండదు. కొపీ సీ అంటే తీపి లేని చిక్కటి పాలతో, పంచదార వేసి. తీపి తగ్గాలంటే చివర్న సియూ దాయ్, ఐసు కావాలంటే పెంగ్. టీకి తే అని పెట్టి మిగతావన్నీ అలాగే అనండి. తే హలియా అంటే అల్లం టీ.

టెక్కలి సేఫ్టీ:
లిటిల్ ఇండియా మైదానంలో బీరు తాగొచ్చని కవిటి అన్న చెప్పిన మాట సరిదిద్దాలి, దాన్ని పట్టుకుని వెళ్తే జరిమానా పడతాది. రాత్రి పదిన్నర నుంచి ఉదయం 7 దాకా బయట తాగకూడదన్నది ఊరంతటికీ ఉన్న రూలు. లిటిల్ ఇండియా, గేలాంగ్‌లలో అంతకంటే గట్టి రూలు. అక్కడ శనివారం ఉదయం 7 నుంచి సోమవారం ఉదయం 7 దాకా బహిరంగ ప్రదేశంలో అసలు తాగకూడదు, శని ఆదివారాల్లో సాయంత్రం 7 దాటితే షాపులు పార్సిల్ అమ్మవు. 2013 డిసెంబరు 8న లిటిల్ ఇండియాలో గొడవ జరిగాక, 2015లో ఈ చట్టం తెచ్చారు. మామూలు చోట్లే జరిమానా 1,000 డాలర్ల దాకా, ఈ రెండు చోట్లా ఇంకా ఎక్కువ. మైదానం, పార్కు, అపార్ట్‌మెంట్ల కింద ఖాళీ స్థలం, అన్నీ బహిరంగ ప్రదేశాలే. లైసెన్సున్న కాఫీ షాపులో కూర్చుని తాగితే ఏ బాధా లేదు. పెద్ద సీసా అక్కడ 7 నుంచి 9 డాలర్లు, క్లార్క్ కీ బార్లలో ఒక గ్లాసుకే అంతకంటే ఎక్కువ.

ఇంకోటి, ఇదే నాకు ముఖ్యం. రిఫైనరీ గేటు దగ్గర ఊది చూపించమంటారు. 633 మిల్లీలీటర్ల 5 శాతం సీసాలో సుమారు 25 గ్రాముల ఆల్కహాలుంటాది, ఒళ్ళు గంటకి 7, 8 గ్రాములే కరిగిస్తాది. అంటే సీసాకి మూడు గంటల పైనే. రాత్రి 8కి మొదలెట్టి రెండు తాగితే తెల్లారి మూడు దాకా పడతాది. మూడైతే ఆరు దాటుతాది, అంటే బస్సెక్కే టైముకి ఇంకా ఒంట్లో ఉంటాది. 8 శాతం స్ట్రాంగ్ డబ్బా అరలీటరుది ఒక్కటే నాలుగు గంటలు తీసుకుంటాది. చన్నీళ్ళ స్నానం, కాఫీ, నిమ్మరసం దేనితోనూ ఇది త్వరగా దిగదు. మనిషిని బట్టి ఇంకా ఆలస్యమూ అవ్వొచ్చు. అందుకే పని రోజు ముందు రాత్రి ఒక్క సీసాతో ఆపేయండి, శనివారం రాత్రి మీ ఇష్టం.

సామాన్లలో గుట్కా, ఖైనీ, జర్దా ఒక్క ప్యాకెట్ కూడా ఉండకూడదు, నమిలే పొగాకు అక్కడ నిషేధం. వేపులూ (ఈ-సిగరెట్లు) అంతే. ఇంట్లో కొట్టిన మసాలా పొడి పట్టుకెళ్తే అందులో గసగసాలు వేయొద్దని ముందే చెప్పండి, అవి అక్కడ మత్తుమందుల లెక్కలోకి వస్తాయి.

కవిటి రిగ్గర్:
టెక్కలి బావా, నిజమే. లిటిల్ ఇండియా రూలు నేను తప్పు చెప్పాను, అది వదిలేయండి తమ్ముడూ.

ఇచ్ఛాపురం వెల్డర్:
తిరగడానికి పైసా ఖర్చు లేనివి ఉన్నాయి. గార్డెన్స్ బై ది బేలో పెద్ద ఇనప చెట్లకి రాత్రి 7:45కి, 8:45కి లైట్లు, పాటలు. మెరీనా బే నీళ్ళ మీద 8కి, 9కి ఇంకో ప్రదర్శన. ఆదివారం 7:45ది చూసి, నడిచి 9కి నీళ్ళ దగ్గరికి వచ్చేయొచ్చు.

లిటిల్ ఇండియా నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఔట్రమ్ పార్క్‌లో రైలు మారాలి. అర్ధరాత్రికి రైళ్ళు ఆగిపోతాయి, 11కి స్టేషన్లో ఉండండి, లేదంటే ఆ వారం తిండి డబ్బులు ట్యాక్సీకే పోతాయి. రైల్లో నీళ్ళు తాగినా జరిమానాయే. ఘాటు వాసనొచ్చే దురియన్ పండు రైల్లోకి రానివ్వరు, కొన్న దగ్గరే తినేయాలి. తొక్కతోనే తూస్తారు, లోపల తినేది మూడో వంతు కూడా ఉండదు, ఆరుగురికి ఒక కాయ చాలు. ఆ వాసన పడకపోతే మలై కొట్లలో చెంపెడాక్ బజ్జీ అడగండి. చెంపెడాక్ మన పనసకి దగ్గర చుట్టం, తొనని గింజతోనే పిండిలో ముంచి వేయిస్తారు, గింజ కూడా తినొచ్చు.