అటక మీద దొరికిన బొమ్మరిల్లు: మళ్ళీ రంగులేయించాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

పెరటి జామచెట్టు
నవంబరు 4

అందరికీ నమస్కారం. మాది కోనసీమ, పి.గన్నవరం దగ్గర ఒక లంక గ్రామం. ఉండేది హైదరాబాద్‌లో. అమ్మమ్మ గారి ఇల్లు అమ్మేస్తున్నాం. సామాన్లు సర్దడానికి పోయిన నెల అమ్మని తీసుకుని వెళ్ళాను. అటక మీద ఇత్తడి గంగాళాల వెనక, పాత నవారు చుట్టల కింద ఒక బొమ్మరిల్లు దొరికింది. అది ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియనే తెలియదు. కిందికి దించగానే అమ్మ "మా నాన్న చేసిందే" అని అక్కడే నేల మీద కూర్చుండిపోయింది.

తాతయ్య వడ్రంగి కాదు, బడిపంతులు. ఇంటికి కొత్తగా తలుపులు చేయించినప్పుడు మిగిలిన టేకు ముక్కలు దాచుకుని, వేసవి సెలవుల్లో చిన్న ఉలి, రంపం పట్టుకుని అరుగు మీద కూర్చుని చేశారట. అమ్మకి అప్పుడు ఐదారేళ్ళు. ఇప్పుడు 78.

పొడవు రెండున్నర అడుగులు, వెడల్పు రెండడుగులు, ఎత్తు అడుగు దాటి ఉంటుంది. మా ఇంటిలాగే మండువా లోగిలి. మధ్యలో మండువా, చుట్టూ వసారా, నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలిన కప్పు, వీధి అరుగు, పెరట్లో వేలెడంత తులసికోట. వీధి తలుపుకి రెండు రెక్కలు, రాగి తీగతో చేసిన గొళ్ళెం. అది ఇప్పటికీ పడుతుంది. కప్పు మొత్తం మూతలా పైకి వస్తుంది. సన్న వెదుర్లని నిలువునా చీల్చి, వరసగా అతికించి, జేగురు (ఎర్రమట్టి రంగు) పూసి పెంకులు చేశారు. నడవలో గోడకి ఒక గాంధీ గారి స్టాంపు, దాని చుట్టూ కొబ్బరి ఈనెలతో ఫ్రేము. వంటింట్లో నాలుగు లక్కపిడతలు, రెండు కొండపల్లి బొమ్మలు.

ఇక బాధ సంగతి. అడుగున ఉన్న మామిడి చెక్క ఒక మూల చేత్తో నొక్కితే పిండిలా రాలుతోంది. దాని మీద రెండంగుళాల ఎత్తున మరక ఉంది, అది 1986 గోదావరి వరద నీటి గీత అంది అమ్మ. పెంకుల వెదురుకి గుండుసూది రంధ్రాలు, కింద గంధంపొడి లాంటి పొడి. గోడలకి నీలిమందు కలిపి వేసిన సున్నం పొరలు పొరలుగా లేస్తోంది. ఇవి కాక నేను చేసిన తప్పు ఒకటుంది. దుమ్ము పట్టి ఉందని ఒక కొండపల్లి బొమ్మని, రోకలి పట్టుకున్న ఆడమనిషిని, తడిగుడ్డతో తుడిచాను. కళ్ళు, బొట్టు, పెదాలు గుడ్డకి వచ్చేశాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మ సంక్రాంతి కొలువులో పెడతానంటోంది. "గోడలకి మళ్ళీ సున్నం కొట్టించు, తలుపులకి కొత్త రంగు వేయించు, కళకళలాడాలి" అని రోజూ ఫోన్. నాకేమో ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది. ఎందుకంటే వంటింటి గోడ లోపలివైపు, చాలా కిందగా, పెన్సిల్‌తో చిన్నపిల్ల చేతిరాత ఉంది. ఫోన్ లైటు వేసి చదివాను:

"బొమ్మల పెళ్ళి ఖర్చు. బెల్లం అణా. అటుకులు అర్ధణా. పూలు మన చెట్టువే."

సున్నం కొడితే ఇది పోతుంది. అమ్మకి ఇంకా చెప్పలేదు. ఫోటోలు పెడుతున్నాను, ఏం చేయాలో తెలిసినవాళ్ళు చెప్పండి.


మేస్త్రి గారబ్బాయి
నవంబరు 4

అక్కా, మాది రాజమండ్రి. మా నాన్న, తాత వడ్రంగులు, నేను ఫర్నిచర్ పని చేస్తాను. ఫోటోలు పెట్టారు కాబట్టి చెప్తున్నాను, టెన్షన్ పడకండి. మీ తాతగారి చేయి మంచిది. గోడల మూలలు చూడండి, ఎక్కడా ఇనప మేకు లేదు. గాడి కోసి ఒకదానిలో ఒకటి దింపి, వెదురు చీలలు కొట్టారు. కోనసీమ గాలికి ఇనప మేకు అయితే ఈపాటికి తుప్పు పట్టి చెక్కని చీల్చేసేది.

మీకున్న జబ్బులు రెండు. అడుగు చెక్కకి పట్టింది చెద. చీల్చి చూస్తే లోపల మట్టి ఉంటుంది. వెదురుకి పట్టింది పుచ్చుపురుగు, మట్టి ఉండదు, గుండ్రటి రంధ్రం, మెత్తటి పిండి. వెదురులో ఉండే గంజి పదార్థం కోసం వస్తుంది అది. టేకు చేవ జోలికి ఇవి రావు, అందుకే ఇల్లు నిలబడింది, పెంకులు, అడుగు పోయాయి. ముందు ఆ పురుగు ఇంకా బతికుందో లేదో చూడండి. పొడి అంతా మెత్తటి కుంచెతో దులిపి, కింద నల్ల కాగితం పరిచి వారం వదిలేయండి. కొత్తగా పిండి రాలితే బతికున్నట్టే.

అడుగు చెక్క మాత్రం మార్చాల్సిందే, దాని మీద మమకారం పెట్టుకోకండి. పాత టేకు తలుపు ముక్క దొరికితే అది వేయండి. కానీ పాత చెక్కలో గట్టిగా ఉన్న భాగం, ఆ వరద మరక ఉన్న వైపు, కోసి దాచండి. గోడలు అడుగుకి అంటుకుంది సరేసుతో అయి ఉంటుంది. ఎముకలు, తోళ్ళు ఉడికించి చేసే జిగురు అది, మా తాత వాసన చూసే చెప్పేవాడు. వేడినీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డ కీలు దగ్గర కాసేపు పెడితే మెత్తబడి వదిలేస్తుంది. సున్నానికి తడి తగలకుండా బయటివైపు నుంచి పెట్టండి. ఉలి పెట్టి లేపొద్దు. తిరిగి అతికించేటప్పుడు కూడా సరేసే వాడండి. ఫెవికాల్ వేస్తే రేపు ఇంకెవరైనా విప్పాలంటే చెక్క చిరుగుతుంది.


సున్నపు పొర
నవంబరు 5

నేను పాత చిత్రాలు, చెక్క వస్తువులు బాగుచేసే పనిలో ఉన్నాను. పై మిత్రుడు చెప్పినదంతా సరైనది. కొన్ని కలుపుతాను.

దయచేసి సున్నం కొట్టించకండి. ఆ పెన్సిల్ రాతే ఆ ఇంటికి ప్రాణం. లేస్తున్న సున్నం పొరల్ని తిరిగి నిలబెట్టవచ్చు. పారాలాయిడ్ బి-72 అనే రెసిన్‌ని అసిటోన్‌లో వందకి రెండు మూడు పాళ్ళ చొప్పున కరిగించి, సన్న కుంచెతో పొర వెనక్కి ఒక్కో చుక్క పంపి, సిలికాన్ పూసిన కాగితం పైన పెట్టి వేలితో మెల్లగా నొక్కాలి. పెన్సిల్ గీత అసిటోన్‌కి చెదరదు. అయినా ముందు కనబడని మూల ఒక్క చుక్క వేసి చూడండి. అసిటోన్‌కి మంట త్వరగా అంటుకుంటుంది, కిటికీలు తెరిచి చేయండి, దీపారాధన దగ్గర వద్దు. లక్కపిడతల దగ్గరికి అసిటోన్ గానీ స్పిరిట్ గానీ తీసుకెళ్ళకండి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఎండలో కూడా పెట్టొద్దు, మెత్తబడుతుంది. పొడి నూలుగుడ్డ చాలు.

పురుగు బతికుంటే కప్పు ఒక్కదాన్ని చల్లదనంతో చంపవచ్చు. పాలిథీన్ సంచిలో గాలి వీలైనంత తీసి, టేపు వేసి, మైనస్ 18 నుంచి 20 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు. మీ కప్పు ఐస్‌క్రీమ్ షాపుల్లో ఉండే పెద్ద పెట్టెలో పడుతుంది. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పకండి, లేకపోతే గాలిలో తేమ నీటి బొట్లై జేగురు మీద కూర్చుంటుంది. గోడలు, బొమ్మలు మాత్రం ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

తలుపుల ఆకుపచ్చ రంగు పాత ఎనామిల్‌లా ఉంది. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన వచ్చిందే 2016లో. గరుకు కాగితంతో పొడిగా రుద్దితే ఆ పొడి పీలుస్తారు. రుద్దకండి, అలాగే ఉంచండి. పిల్లలు ముట్టుకుంటే చేతులు కడిగించండి.

స్టాంపు గురించి. గాంధీ గారి బొమ్మతో మన తొలి స్టాంపులు 1948 ఆగస్టు 15న నాలుగు వచ్చాయి. గోధుమ రంగుది ఒకటిన్నర అణా. మీ ఫోటోలో ఉన్నది అదే. మీ అమ్మగారు చెప్పిన వయసుకి సరిగ్గా సరిపోతోంది. ఊడదీయకండి.


భోగిపళ్ళు
నవంబరు 6

అమ్మాయ్, నాకు డెబ్భై దాటాయి, ఏటా కొలువు పెడతాను. మీ అమ్మ వైపు నుంచి ఒక మాట. కొలువులో పెట్టే వస్తువు వెలవెలబోతే మాకు మనసొప్పదు. అది షోకు కాదు, పండక్కి ఇంట్లో మనిషికి కొత్త బట్ట కట్టినట్టు. మీ అమ్మ అడుగుతున్నది అదే. ఆవిడ మాట కొట్టేయకుండా మధ్యేమార్గం చూడు. కింద మెట్టుకి మంచి పట్టుబట్ట, మండువాలో ముగ్గు వేసిన చిన్న అట్ట, గుమ్మానికి దారానికి గుచ్చిన మామిడి చిగుళ్ళు. ఇవన్నీ పండగ అయ్యాక తీసేయొచ్చు. ఆ గోడ మీద రాత ముందు మీ అమ్మకి చూపించు. ఆవిడది కాబట్టి ఆవిడే చెప్పాలి.

కొండపల్లి బొమ్మ గురించి దిగులుపడకు. మా ఇంట్లో ఏనుగు అంబారీ తొండం విరిగితే కొండపల్లి తీసుకెళ్ళాం. తెల్ల పొణికి చెక్కతో ముక్క చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సుద్ద పూసి, రంగు వేసి ఇచ్చారు. ఆ మక్కు ఆరితే చెక్కలో కలిసిపోతుంది. ముఖం రాయడం వాళ్ళకి చేతిలో పని. ఇంకో బొమ్మని మాత్రం తడిగుడ్డతో ముట్టుకోకు తల్లీ.


పెరటి జామచెట్టు
నవంబరు 13

అందరికీ దండాలు. నల్ల కాగితం మీద వారం తర్వాత మూడు చోట్ల పిండి రాలింది. బతికే ఉంది. తెలిసినవాళ్ళ ఐస్‌క్రీమ్ షాపులో చలికాలం ఒక పెట్టె ఖాళీగా ఉంటే కప్పు పెట్టించాను.

వెదురు పెంకుల్లో ముప్ఫై నాలుగు పూర్తిగా గుల్ల. మేస్త్రి గారబ్బాయి గారూ, కొత్త వెదురుకి మళ్ళీ పురుగు పట్టకుండా ఏం చేయాలి?


మేస్త్రి గారబ్బాయి
నవంబరు 13

ముదురు వెదురు తీసుకోండి అక్కా, లేతదానిలో గంజి ఎక్కువ. మావాళ్ళు చెరువులో వారాల తరబడి ముంచి ఉంచేది ఆ గంజి నీళ్ళలోకి పోవాలనే. మీకు కొన్ని బద్దలే కాబట్టి చీల్చాక బకెట్‌లో వేసి, రోజూ నీళ్ళు మారుస్తూ పది రోజులు నానబెట్టండి. ఆరాక బోరాక్స్, బోరిక్ యాసిడ్ రెండూ కలిపి 50 గ్రాములు లీటరు నీళ్ళలో కరిగించి రెండు మూడు రోజులు ముంచండి. చేతికి గ్లౌజులు, పిల్లలకి దూరంగా. నీడలోనే ఆరబెట్టండి, ఎండలో పెడితే పగులుతుంది. కొత్త పెంకుల అడుగువైపు పెన్సిల్‌తో సంవత్సరం రాయండి. ఏవి తాతగారివో ఏవి మీవో తర్వాత తెలియాలి కదా.


పెరటి జామచెట్టు
జనవరి 17

పండగ అయ్యింది, ఇప్పటికి తీరిక దొరికింది.

భోగిపళ్ళు గారు చెప్పినట్టు ముందు అమ్మకి రాత చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని, టార్చి పట్టుకుని, పొట్టమీద పడుకుని మరీ చదివింది. "ఇది నాది కాదే, పెద్దక్కది. 'ణ' అలా కొక్కెంలా అక్కే రాసేది" అంది. మా పెద్దమ్మ నేను పుట్టకముందే పోయింది. ఆవిడ రాసినది మా ఇంట్లో ఇంకేదీ లేదు. ఆ తర్వాత అమ్మ సున్నం ఊసెత్తలేదు. తలుపులకి మాత్రం కొత్త రంగు కావాలని రెండు రోజులు పట్టుబట్టింది. సీసం సంగతి చెప్పాను, మునిమనవడు కొలువు దగ్గరే పాకుతున్నాడని గుర్తుచేశాను, అప్పుడు సరేనంది.

సున్నం పొరలు నిలబెట్టడానికి పదకొండు సాయంత్రాలు పట్టింది. మొదటి రోజు చెయ్యి వణికి గోరంత ముక్క రాలిపోయింది. దాన్ని అగ్గిపెట్టెలో దాచి చివరి రోజు అతికించాను. రాత ఉన్న చోట మాత్రం నేను ధైర్యం చేయలేదు, ఈ పని వచ్చినవాళ్ళతో చేయించాను. అడుగుకి అమ్మమ్మ ఇంటి పాత టేకు తలుపు పలక వేశాం. అంటే తాతయ్య ముక్కలు మిగుల్చుకున్న తలుపుల్లో ఒకటి. వరద మరక ఉన్న పాత ముక్కని కొత్త అడుగు కింద రెండు చీలలతో బిగించాను.

కొత్త పెంకుల జేగురు పాతవాటి కంటే ఎర్రగా ఉంది, దగ్గరికెళ్తే తెలుస్తుంది. అలాగే వదిలేశాను.

భోగి నాడు కింద మెట్టు మీద పెట్టాం. మండువాలో ముగ్గు అట్ట, గుమ్మానికి చిగుళ్ళు. హారతి ఇచ్చాక చూస్తే గడపకి పసుపు రాసి, మూడు కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి. సున్నపు పొర గారూ, చెక్కకి తడి పసుపు పెట్టకూడదని నాకు తెలుసు. కానీ మా అమ్మ వాళ్ళ నాన్న ఇంటి గడప అది, వద్దని అనలేకపోయాను. ఆరాక పొడి కుంచెతో దులిపాను, కొంచెం పచ్చగా ఉండిపోయింది.

రోకలి బొమ్మ ఈ ఏడు కొలువులో కూర్చోలేదు. ముఖం లేకుండా నలుగురిలో ఎలా కూర్చోబెడతావని అమ్మ లోపల పెట్టేసింది. వచ్చే నెల కొండపల్లి వెళ్తున్నాం. పాత ముఖం ఫోటో లేదు, పక్క బొమ్మ కళ్ళు చూపించి అలా రాయమని అడుగుతాను.

వెదురు బద్దలు పదకొండు మిగిలాయి, నానబెట్టి బోరాక్స్ పట్టించినవే, అంగుళంన్నర పొడవు. ఎవరికైనా పనికొస్తాయంటే చెప్పండి, పోస్టులో పంపుతాను.